థైరాయిడ్‌తో పాటు కళ్ళు పొడిబారి, ఒళ్ళు దురదపెట్టి, జుట్టు ఊడుతుంటే ఏం చేయాలి?

నాకు థైరాయిడ్ ఉందని తేలిన కొత్తలో ఇంట్లో మూడు మందుల సంచులు ఉండేవి. కళ్ళ డాక్టరు రాసినవి ఒకదాంట్లో, చర్మం డాక్టరు రాసినవి ఇంకోదాంట్లో, జుట్టు కోసం బంధువులు చెబితే కొనుక్కున్న మాత్రలు మూడోదాంట్లో. దురదకని రాత్రిపూట వేసుకున్న మాత్ర కళ్ళను ఇంకా ఎండగట్టింది. జుట్టు కోసం వేసుకున్న బయోటిన్ అనే విటమిన్ వల్ల రక్తపరీక్ష లెక్క తారుమారైంది. పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో పాటే మింగిన ఐరన్ మాత్ర, ఆ థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనివ్వలేదు. ఇవి ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయని ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే మూడు సంచులూ ఒకే డాక్టరు చూడాలి కదా, నేను చూపించలేదు.

అందుకే కళ్ళు, దురద, జుట్టు ఈ మూడింటినీ కలిపి రాస్తున్నాను. వీటిలో ఒకదానికి చేసే వైద్యం ఇంకోదాన్ని పాడుచేయకుండా చూసుకోవడమే సగం పని. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఈ మూడూ ఒకే వేగంతో తగ్గవు. కళ్ళకు సరైన చుక్కలు పడితే కొద్ది రోజుల్లోనే హాయిగా ఉంటుంది. చర్మానికి రెండు మూడు వారాలు పడుతుంది. జుట్టుకు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. ఇది తెలియక చాలామంది జుట్టు కోసం నెలకో మందు మారుస్తూ పోతారు.

మొదటి పని: థైరాయిడ్ మాత్రను సరిగ్గా వేసుకోవడం

ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ దురద, జుట్టు ఊడడం తగ్గలేదని బాధపడేవాళ్ళలో చాలామందికి తప్పు ఇక్కడే ఉంటుంది.

థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళు వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్రను పరగడుపున, మంచినీళ్ళతో మాత్రమే వేసుకోవాలి. ఆ తర్వాత కనీసం అరగంట, కుదిరితే గంట ఆగి కాఫీ గానీ టీ గానీ తాగాలి. లేవగానే ఫిల్టర్ కాఫీ పడకపోతే పని మొదలుకాని ఇళ్ళు మనవి, నాకు తెలుసు. అందుకని మాత్రల డబ్బా, చిన్న నీళ్ళ సీసా మంచం పక్కనే పెట్టుకోండి. మెలకువ రాగానే వేసుకుని, ఆ తర్వాత ముఖం కడుక్కోవడం, ముగ్గు వేయడం, పాలు కాచడం చేసుకుంటే గంట తెలియకుండానే గడిచిపోతుంది. పొద్దున అస్సలు కుదరనివాళ్ళు డాక్టరుతో మాట్లాడి, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత పడుకునే ముందు వేసుకోవచ్చు. ఏదో ఒక వేళ పెట్టుకుని రోజూ అదే వేళకు వేసుకోండి.

కాల్షియం, ఐరన్, ఎసిడిటీకి వాడే యాంటాసిడ్‌లకూ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి. ఐరన్, కాల్షియం కలిసి ఉన్న మల్టీవిటమిన్ మాత్రలకూ ఇదే నియమం. జుట్టు కోసం ఐరన్ వాడేవాళ్ళు దాన్ని మధ్యాహ్నానికో సాయంత్రానికో మార్చుకోండి. టీతో మాత్రం మింగకండి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

జుట్టు తొందరగా రావాలని డోసు సొంతంగా పెంచుకోకండి. థైరాయిడ్ హార్మోన్ తక్కువైనా జుట్టు ఊడుతుంది, ఎక్కువైనా ఊడుతుంది. పైగా ఎక్కువైతే గుండెదడ వస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకలు పలచబడతాయి.

థైరాయిడ్ ఎక్కువగా ఉండి కార్బిమజోల్ గానీ మెథిమజోల్ గానీ వాడేవాళ్ళు ఈ మాటలు జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. ఈ మందుల వల్ల కూడా దురద, దద్దుర్లు రావచ్చు. అది చాలావరకు సర్దుకునేదే, డాక్టరుకు చెబితే చూస్తారు. కానీ మందు వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుళ్ళు వస్తే మాత్రం జలుబేలే అనుకుని ఊరుకోకండి. తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయినప్పుడు అలా వస్తుంది. మందు ఆపి ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళి రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. కళ్ళు, మూత్రం పచ్చబడి ఒళ్ళంతా దురద పెట్టినా అంతే, అది కాలేయం సంగతి కావచ్చు.

రెండో పని: రక్తపరీక్ష నిజం చెప్పేలా చేయించుకోవడం

లెవోథైరాక్సిన్ డోసు మార్చాక టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) స్థిరపడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పదిహేను రోజులకే పరీక్ష చేయించి, "ఇంకా తగ్గలేదు" అని కంగారుపడి డోసు మార్పించుకోవడం వల్ల ఉపయోగం లేదు. టీఎస్‌హెచ్ సాధారణంగా 0.4 నుంచి 4 మధ్య ఉంటే నార్మల్ అంటారు. ల్యాబును బట్టి కొంచెం తేడా ఉంటుంది. గర్భిణులకు లెక్క వేరు.

ఇప్పుడు బయోటిన్ సంగతి. జుట్టు, గోళ్ళ కోసం అమ్మే మాత్రల్లో బయోటిన్ 5,000 లేదా 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. మన ఒంటికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాముల దాకా మాత్రమే. ఇంత ఎక్కువ బయోటిన్ రక్తంలో ఉంటే, కొన్ని ల్యాబ్ యంత్రాల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగానూ, థైరాయిడ్ హార్మోన్ అయిన టీ4 ఎక్కువగానూ కనిపిస్తాయి. అంటే రిపోర్టు చూసిన డాక్టరుకు మాత్ర ఎక్కువైనట్టు అనిపిస్తుంది. డోసు తగ్గిస్తారు. దాంతో దురద, జుట్టు ఊడడం మళ్ళీ మొదటికొస్తాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి. అంత పెద్ద డోసు వాడుతుంటే ఇంకా ఎన్ని రోజులు ఆపాలో డాక్టరునే అడగండి. అసలు మన తిండిలోనే గుడ్డు, పల్లీలు, పప్పులు ఉన్నప్పుడు బయోటిన్ లోపం రావడం చాలా అరుదు. నన్నడిగితే ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోవడం మేలు.

థైరాయిడ్‌తో పాటు ఇంకేం పరీక్షలు అడగాలి? రక్తకణాల లెక్క, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పేది), బీ12, విటమిన్ డి, షుగరు. దురద ఎక్కువగా ఉంటే కాలేయం, కిడ్నీ పరీక్షలు కూడా. వీటిలో ఫెరిటిన్‌ను మర్చిపోకండి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి కూడా ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్ళలో ఇది మామూలే. థైరాయిడ్ తక్కువైతే నెలసరి ఎక్కువవుతుంది, దానివల్ల ఐరన్ తగ్గుతుంది, ఐరన్ తగ్గితే జుట్టు ఊడుతుంది. అన్ని నేరాలూ థైరాయిడ్ మీదే వేసి ఐరన్‌ను వదిలేస్తే జుట్టు నిలవదు.

మూడో పని: కళ్ళు

మూడు బాధల్లో కళ్ళతో మొదలుపెట్టమంటాను. తొందరగా ఫలితం కనిపించేది ఇక్కడే, ఆలస్యం చేస్తే నష్టం ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

ముందు మీ కళ్ళు ఎందుకు పొడిబారుతున్నాయో తెలుసుకోవాలి. కన్నీరంటే ఉత్త నీళ్ళు కావు. కంటికి అంటుకుని ఉండే పలచని జిగురు పొర, దాని మీద నీటి పొర, పైన అది ఆవిరైపోకుండా నూనె పొర ఉంటాయి. ఆ నూనె రెప్పల అంచున వరసగా ఉండే సన్నని గ్రంథుల నుంచి వస్తుంది. ఈ మూడింటిలో ఏది తగ్గినా కళ్ళలో ఇసుక పోసినట్టు, కారం పడ్డట్టు ఉంటుంది. కొందరికి పొడిబారడం వల్లే బొటబొటా నీళ్ళు కారతాయి. మంటకు కన్ను ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది, కానీ అందులో నూనె సరిపడా లేక అవి నిలవవు. "నీళ్ళు కారుతున్నాయి కదా, పొడిబారడమేంటి" అని చుక్కలు మానేయకండి.

తర్వాత అద్దం ముందు నిలబడి, ఐదారేళ్ళ కిందటి మీ ఫోటో ఒకటి పక్కన పెట్టుకుని చూడండి. కనుపాప పైన తెల్లగుడ్డు ఇదివరకటికంటే ఎక్కువగా కనిపిస్తోందా? ఒక కన్ను ఉబ్బినట్టు, పెద్దదైనట్టు ఉందా? రాత్రి మీరు నిద్రపోయాక రెప్పలు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో ఇంట్లో ఎవరినైనా చూడమనండి. ఇవి ఉంటే అది థైరాయిడ్ కంటి జబ్బు కావచ్చు. ఇది ఎక్కువగా గ్రేవ్స్ జబ్బులో, అంటే థైరాయిడ్ ఎక్కువైనవాళ్ళలో వస్తుంది. కొద్దిమందికి థైరాయిడ్ తక్కువగా ఉన్నా, నార్మల్‌గా ఉన్నా కూడా రావచ్చు. అందుకని "నాది హైపో, అంటే థైరాయిడ్ తక్కువ, కాబట్టి నాకు రాదు" అనుకోకూడదు. రెప్ప పైకి లాగేసినట్టు ఉండి కన్ను సరిగ్గా మూసుకోకపోతే, ఉన్న కన్నీరు కూడా రాత్రంతా ఆరిపోతుంది. ఇలాంటివాళ్ళకు చుక్కలు ఒక్కటే సరిపోవు. కంటి డాక్టరు దగ్గరకు, వీలైతే కనురెప్పలు, కంటిగూడు చూసే ఆక్యులోప్లాస్టీ నిపుణుల దగ్గరకు వెళ్ళాలి. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఈ విభాగం ఉంటుంది.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వారం తర్వాత వెళ్దాంలే అనుకోకుండా వెంటనే చూపించుకోండి: ఒకటి రెండుగా కనిపించడం, రంగులు వెలిసిపోయినట్టు అనిపించడం, చూపు తగ్గడం, కన్ను కదిపితే బాగా నొప్పి, కన్ను మూసుకోకపోవడం, వెలుతురు చూడలేకపోవడం. కంటి నరం మీద ఒత్తిడి పడినా, నల్లగుడ్డు మీద పుండు పడినా ఇలాంటివే కనిపిస్తాయి.

సిగరెట్, బీడీ, చుట్ట తాగేవాళ్ళకు థైరాయిడ్ కంటి జబ్బు వచ్చే అవకాశమూ ఎక్కువ, ముదిరే అవకాశమూ ఎక్కువ, వైద్యం పనిచేసేది కూడా తక్కువ. ఇంట్లో నాన్నగారో మామగారో ఈ జబ్బుతో ఉండి చుట్ట మానకపోతే, ఈ ఒక్క మాట వాళ్ళకు డాక్టరు నోటితో చెప్పించండి.

కళ్ళతో పాటు నోరు కూడా ఎండిపోయి, అన్నం మింగడానికి నీళ్ళు తాగాల్సి వస్తుంటే షోగ్రెన్స్ అనే ఇంకో జబ్బు ఉందేమో అడగండి. థైరాయిడ్ మీద సొంత రోగనిరోధక శక్తే దాడి చేసే హషిమోటో లాంటి జబ్బు ఉన్నవాళ్ళలో ఇది తోడుగా రావచ్చు.

ఇవేవీ లేని మామూలు పొడి కళ్ళకు ఇంట్లో చేసుకోవలసినవి ఇవి.

కృత్రిమ కన్నీళ్ళ చుక్కలు అడగండి. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం ఉన్నవి దాదాపు ప్రతి మందుల షాపులో దొరుకుతాయి. రోజుకు నాలుగు సార్లకంటే ఎక్కువ వేసుకోవాల్సి వస్తుంటే ప్రిజర్వేటివ్ (చుక్కలు చెడిపోకుండా కలిపే రసాయనం) లేనివి తీసుకోండి. ప్రిజర్వేటివ్ ఎక్కువసార్లు పడితే అదే కంటిని మండిస్తుంది. మంట వచ్చాక కాకుండా, మంట రాకముందే వేసుకోవడం అలవాటు చేసుకోండి. కంప్యూటరు ముందు కూర్చునే ముందు ఒక చుక్క, బండి మీద బయలుదేరే ముందు ఒక చుక్క. కింది రెప్పను కొంచెం లాగి, సీసా కొన కంటికి తగలకుండా ఒక్క చుక్క వేసి, కన్ను మూసుకుని ముక్కు పక్కన ఉండే మూలను వేలితో నిమిషం పాటు మెల్లగా నొక్కి పట్టండి. రెండో రకం చుక్కలు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వేయండి. రాత్రి పడుకునే ముందు జెల్ లేదా ఆయింట్‌మెంట్ వేసుకోవచ్చు. చూపు కాసేపు మసకబారుతుంది కాబట్టి అది వేసుకున్నాక వంటింట్లోకో మెట్లెక్కడానికో వెళ్ళకండి.

ఎరుపు తగ్గించే చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా కొనుక్కోకండి. మొదటివి ఆపగానే ఎరుపు ఇంకా ఎక్కువగా తిరిగొస్తుంది. రెండోవాటిని డాక్టరు చూడకుండా నెలల తరబడి వాడితే గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), శుక్లాలు రావచ్చు. రోజ్‌వాటర్, తేనె, ఆముదం, చనుబాలు కంట్లో పోసుకోవడం మానండి. ఇవేవీ కంటి కోసం శుభ్రం చేసి తయారుచేసినవి కావు. కాటుక కూడా కళ్ళు కుదుటపడేదాకా వద్దు. రెప్పల అంచున పెట్టే కాటుక సరిగ్గా ఆ నూనె గ్రంథుల నోళ్ళనే మూసేస్తుంది.

ఆ గ్రంథుల నూనె గడ్డకట్టకుండా రోజుకోసారి కాపడం పెట్టండి. శుభ్రమైన నూలు గుడ్డను గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండి, మూసిన కళ్ళ మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. చల్లారితే మళ్ళీ ముంచండి. తర్వాత పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందనుంచి పైకి వేలితో మెల్లగా నిమిరి, అంచును తుడవండి. కళ్ళు ఎర్రగా వాచి, ఉబ్బి ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఇది చేయవద్దు.

ఫ్యాను గాలి, ఏసీ గాలి సూటిగా ముఖం మీద పడకుండా మంచం జరుపుకోండి. ఎండాకాలంలో కూలర్ ముందు ముఖం పెట్టి పడుకునే అలవాటు ఉంటే అది కాళ్ళవైపుకు తిప్పండి. బండి మీద వెళ్ళేటప్పుడు హెల్మెట్ అద్దం దించాలి. ఫోను చూస్తున్నంతసేపు మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. 20 నిమిషాలకోసారి తల ఎత్తి 20 సెకన్లు దూరంగా చూసి, నాలుగైదు సార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. తలంటుకున్నాక సాంబ్రాణి పొగ వేసుకునే అలవాటుంటే మానండి. జుట్టు ఆరుతుందేమో గానీ కళ్ళకు ఆ పొగ పడదు.

నాలుగో పని: ఒంటి దురద

థైరాయిడ్ తక్కువైతే చెమట గ్రంథులు, నూనె గ్రంథులు మందగిస్తాయి. చర్మం చల్లగా, గరుకుగా మారి పొట్టు లేస్తుంది. ముఖ్యంగా మోకాళ్ళ కింద, మోచేతుల దగ్గర. ఎక్కువైతే చర్మం వేడిగా, చెమటగా ఉండి దురద పెడుతుంది. అయితే ప్రతి దురదా థైరాయిడ్ దురద కాదు. రాత్రిపూట ఎక్కువై, వేళ్ళ సందుల్లో పొక్కులు వచ్చి, ఇంట్లో ఇంకొకళ్ళకు కూడా ఉంటే అది గజ్జి. గుండ్రంగా, అంచు ఎర్రగా ఉంటే తామర. వీటికి మందు వేరు.

పొడిబారడం వల్ల వచ్చే దురదకు స్నానం దగ్గరే సగం మార్పు వస్తుంది. దురద పెట్టినప్పుడు వేడి వేడి నీళ్ళు పోసుకుంటే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, నిజమే. కానీ అరగంటకు దురద రెట్టింపవుతుంది, ఎందుకంటే ఒంట్లో మిగిలిన కాస్త నూనె కూడా ఆ వేడికి కరిగిపోతుంది. గోరువెచ్చని నీళ్ళతో ఐదు పది నిమిషాల్లో ముగించండి. సబ్బు చంకలు, గజ్జలు, పాదాలకు చాలు. చేతులకు, కాళ్ళకు, వీపుకు రోజూ అక్కర్లేదు. పీచుతో రుద్దడం, సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టుకోవడం కొంతకాలం ఆపండి. నీళ్ళలో యాంటిసెప్టిక్ ద్రవం కలపడం కూడా. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో సబ్బు తేలిగ్గా వదలదు. అక్కడ సబ్బు ఇంకా తక్కువ వాడాలి.

తుండుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్ళు ఇంకా తడిగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో మాయిశ్చరైజర్ రాయండి. ఆరిపోయాక రాస్తే ఫలితం సగమే. గ్లిజరిన్, సెరమైడ్, పెట్రోలియం జెల్లీ ఉన్నవి మంచివి. వాసన లేనిది చూసి కొనండి. బాగా గరుకుగా ఉన్న మోకాళ్ళకు, మడమలకు యూరియా 10 శాతం ఉన్న క్రీము బాగా పనిచేస్తుంది, పగుళ్ళు ఉంటే మండుతుంది కాబట్టి అవి మానాక వాడండి. ఖర్చు పెట్టలేనివాళ్ళకు కొబ్బరినూనె తక్కువదేమీ కాదు, తడి ఒంటి మీద పలచగా రాసుకుంటే చాలు. రోజుకు రెండుసార్లు, కనీసం మూడు వారాలు మానకుండా చేశాకే పనిచేసిందో లేదో తేల్చండి.

ఇక దురద మాత్రలు. సిట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్‌లు దద్దుర్లకు బాగా పనిచేస్తాయి. దద్దుర్లంటే దోమ కుట్టినట్టు పొంగి, ఒకచోట తగ్గి ఇంకోచోట లేస్తూ, ఏ ఒక్కటీ 24 గంటలకు మించి ఉండనివి. థైరాయిడ్ మీద రోగనిరోధక శక్తి దాడి చేసే జబ్బులున్నవాళ్ళలో ఇవి నెలల తరబడి రావడం ఉంది. కానీ ఉత్త పొడి చర్మానికి ఈ మాత్రలు పెద్దగా చేసేదేమీ లేదు, పైగా కళ్ళను, నోటిని ఎండగడతాయి. నాకు జరిగింది అదే. దద్దుర్లు లేకుండా రోజూ ఈ మాత్ర వేసుకుంటున్నవాళ్ళు దాని అవసరం ఎంతవరకు ఉందో డాక్టరును అడగండి.

షాపువాళ్ళు ఇచ్చే "అన్నిటికీ ఒకటే" ట్యూబులు తీసుకోకండి. వాటిలో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారం అద్భుతంగా తగ్గుతుంది, తర్వాత చర్మం పలచబడుతుంది, తామర ఉంటే ఒళ్ళంతా పాకుతుంది.

ఐదో పని: జుట్టు

ఇక్కడ కావలసింది ఓపిక, ఓపిక ఉండాలంటే లెక్క తెలియాలి. తలలో వెంట్రుకల్లో ఎక్కువ భాగం పెరుగుతూ ఉంటాయి, కొన్ని విశ్రాంతి తీసుకుని రాలిపోతాయి. ఒంటికి ఏదైనా దెబ్బ తగిలితే, అంటే థైరాయిడ్ తేడా, పెద్ద జ్వరం, ప్రసవం, ఆపరేషన్ లాంటివి జరిగితే, ఒకేసారి చాలా వెంట్రుకలు విశ్రాంతిలోకి వెళ్ళి రెండు మూడు నెలల తర్వాత కలిసి రాలతాయి. అంటే ఈ రోజు దువ్వెనలో కనిపిస్తున్న జుట్టుకు కారణం రెండు మూడు నెలల కిందట జరిగింది. మాత్ర మొదలుపెట్టిన కొత్తలో జుట్టు ఇంకా ఊడుతున్నట్టు ఉంటే మాత్ర మీద అనుమానంతో ఆపేయకండి. రాలే వెంట్రుకలు రాలిపోయాక కొత్తవి నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతాయి. చెవుల దాకా రావడానికే ఏడాది దాటుతుంది.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడడం మామూలే. వారానికి రెండుసార్లే తలంటుకునేవాళ్ళకు మూడు నాలుగు రోజులవి ఒకేసారి చేతికొస్తాయి. బాత్‌రూమ్ జాలీలో ఆ ఉండ చూసి ఏడ్చిన రోజులు నాకూ ఉన్నాయి. లెక్కపెట్టడం మానండి. బదులుగా నెలకోసారి, ఒకే చోట, ఒకే వెలుతురులో, తడి లేని జుట్టుతో పాపిట ఫోటో ఒకటి తీయించుకోండి. మూడో నెల నుంచి నుదుటి అంచున, పాపిట పక్కన చిన్న చిన్న కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు. కనుబొమ్మల చివరి మూడో వంతు పలచబడడం కూడా థైరాయిడ్ తక్కువైనవాళ్ళలో కనిపిస్తుంది, అది కూడా మెల్లగా తిరిగి రావచ్చు.

ఎలా ఊడుతోందో చూసుకోండి. తల అంతటా సమానంగా పలచబడితే అది థైరాయిడ్, ఐరన్ లాంటివాటి వల్ల కావచ్చు. నడినెత్తిన పాపిట వెడల్పవుతూ ఉంటే వంశపారంపర్యంగా వచ్చేది కావచ్చు, దానికి మినాక్సిడిల్ లాంటి మందు డాక్టరు చెబుతారు. మొదటి వారాల్లో అది కూడా కొంచెం రాల్చి, తర్వాత పెంచుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాన్ని వాడకూడదు. రూపాయి బిళ్ళంత గుండ్రంగా నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు. పేను వల్ల రాదు, రోగనిరోధక శక్తి కుదుళ్ళ మీద దాడి చేయడం వల్ల వస్తుంది, థైరాయిడ్ ఉన్నవాళ్ళలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. దాని మీద గురివింద గింజ అరగదీసి రాయకండి. ఆ గింజ విషం, తలను పుండు చేస్తుంది, చేతితో కన్ను నులుముకుంటే ఇంకా ప్రమాదం. చర్మ వైద్యుల దగ్గర దీనికి ఇంజెక్షన్లు, మందులు ఉన్నాయి.

బాలింతలకు ఒక మాట. ప్రసవమైన మూడు నాలుగు నెలలకు జుట్టు ఊడడం సహజం, చాలామందికి దానంతట అదే ఆగుతుంది. అయితే ప్రసవం తర్వాత ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ కూడా తారుమారవుతుంది. జుట్టుతో పాటు విపరీతమైన నీరసం, గుండెదడ, దిగులు ఉంటే "బాలింతకు మామూలే" అని వదలకుండా టీఎస్‌హెచ్ చేయించండి.

ఇంట్లో చేసుకోవలసింది తక్కువే. తడి జుట్టు దువ్వకూడదు. నుదురు లాగేంత బిగుతుగా జడ వేయకూడదు, సవరం బరువు కొంతకాలం వద్దు. నూనె పెట్టుకోవచ్చు, అది జుట్టు తెగకుండా మెత్తగా ఉంచుతుంది గానీ కుదుళ్ళ నుంచి కొత్త జుట్టు మొలిపించదు. కుంకుడుకాయ రసం పొడి కళ్ళలో పడితే రోజంతా మండుతుంది, అందుకని కళ్ళు తగ్గేదాకా తల వెనక్కి వాల్చి, ఇంకొకరితో పోయించుకోండి, లేదా మైల్డ్ షాంపూ వాడండి. ఉల్లిరసం కూడా చెంపల మీదుగా కారి కళ్ళలోకి, దురద ఉన్న మెడ మీదకి దిగుతుంది, వద్దు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని చెప్పేవాళ్ళు ఉంటారు. మొక్కు ఉంటే తిరుమలలో తలనీలాలు ఇవ్వండి, అది భక్తి. కానీ గుండు వల్ల కుదుళ్ళ సంఖ్య పెరగదు.

తిండిలో మాంసకృత్తులు తగ్గనివ్వకండి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, శనగలు ఏవి మీ ఇంట్లో తింటే అవి. క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని మామూలుగా తినొచ్చు. సెలీనియం మాత్రలు మాత్రం ఎవరో చెప్పారని కొనకండి. గ్రేవ్స్ జబ్బులో కళ్ళకు స్వల్పంగా ఇబ్బంది ఉన్నవాళ్ళకు డాక్టర్లు ఆరు నెలల పాటు ఇవ్వడం ఉంది. కానీ ఒంట్లో సెలీనియం ఎక్కువైతే జుట్టే ఊడుతుంది, గోళ్ళు పెళుసవుతాయి. విటమిన్ ఏ ఎక్కువైనా అంతే.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు

ఇంట్లో ఉన్న మందులన్నీ, చుక్కలు, ట్యూబులు, జుట్టు మాత్రలు, ఆయుర్వేదం పొడులు, నూనెలు, ఏదీ దాచకుండా ఒకే సంచిలో వేసుకుని వెళ్ళండి. ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: థైరాయిడ్ మాత్ర ఎన్ని గంటలకు వేసుకుంటున్నారు, దానికి ముందూ వెనకా ఏం మింగుతున్నారు, చివరి టీఎస్‌హెచ్ తేదీ, అంకె ఎంత, ఈ మూడింటిలో ఏది ఎప్పుడు మొదలైంది. పాపిట ఫోటోలు, కళ్ళ పాత ఫోటో ఫోనులో విడిగా పెట్టుకోండి. "ఈ సంచిలో ఒకదానికొకటి పడనివి ఏవైనా ఉన్నాయా?" అని నోరు తెరిచి అడగండి. కళ్ళ డాక్టరు దగ్గరా, చర్మం డాక్టరు దగ్గరా, థైరాయిడ్ డాక్టరు దగ్గరా అదే సంచి, అదే కాగితం చూపించండి. డోసు మారిస్తే ఆ రోజు తేదీ కాగితం మీద రాసి, దానికి ఆరు వారాలు కలిపి, తర్వాతి పరీక్ష తేదీని వంటింటి క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టుకోండి. దానికి రెండు రోజుల ముందు తేదీ పక్కన "బయోటిన్ ఆపాలి" అని రాసుకోండి.